ఆరింటికి కుర్చీ ఖాళీ చెయ్యాలి

వడ్రంగి షుయ్‌మూ తాతకున్న పిచ్చి ఒక్కటే. ఇంట్లో ఆఫీసు గది అమర్చమని ఎవరు పిలిచినా సరే, ఆ ఇంటి దెయ్యాన్ని అడక్కుండా మేకు కూడా కొట్టడు. థైనాన్ నగరం పాతబస్తీలో దెయ్యాన్ని దెయ్యమంటే ఊరుకోదు కదా, అందుకని 'అన్నగారు' అంటారు.

పేయ్‌రూ ఇంట్లోంచే సినిమాలకు సబ్‌టైటిళ్లు రాస్తుంది. నెలలో పని పుంజుకోకపోతే ఉద్యోగం ఉండదని కంపెనీ చెప్పేసింది. రాత్రింబవళ్లు మంచం మీదే రాసి రాసి నడుం పడిపోయింది. ఇక లాభంలేదని తాతను పిలిచింది.

చీకటి కమ్మిన వెనకగదిలో తాత నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు విసిరాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అన్నగారు ఔనన్నట్టు.

"బల్ల కిటికీ పక్కన వెయ్యమంటారా?" రెండూ వెల్లకిలా పడ్డాయి. "అన్నగారు నవ్వుతున్నారు. మళ్లీ అడుగుతా."

"కుర్చీ ఎత్తు కూడా ఆయన్నే అడగాలా తాతా? కూచునేది నేను!"

"సాయంత్రం ఆరింటిదాకా నువ్వు. తర్వాత ఆయన."

పేయ్‌రూ గోడకు దూరంగా జరిగింది.

"మధ్యాహ్నం పన్నెండింటికి వేడి నూడుల్స్ బల్ల మీద పెట్టు. ఆయన వాసన చూశాక నువ్వు తిను. పారేశావో, నీ ఖర్మ!"

బల్లా కుర్చీ అమర్చిన మర్నాడు సరిగ్గా ఆరింటికి గోడలోంచి టక్ టక్ టక్. గదిలో తను తప్ప నరమానవుడు లేడు. పేయ్‌రూ ఒక్క పరుగున బయటపడింది. ఇక రోజూ అదే వరస. ఏం చెప్పమంటారు, భయంతోనే వేళకు తిని, వేళకు పడుకుంది. నడుం నొప్పి తగ్గింది, పని పరుగెత్తింది.

నెలాఖరు రోజు హోరున వాన. చివరి సినిమా సగం మిగిలింది, మర్నాడు పదింటికి పంపాలి. ఆరయింది. టక్ టక్ టక్.

"ఒక్క గంట అన్నగారూ, మీకు పుణ్యముంటుంది!"

చప్పుడు పెరిగింది. బల్ల మీద టీకప్పు వణికింది. భయం ముదిరి కోపమైంది. చీపురు పట్టుకుని వెనకతలుపు ఓరగా తీసింది.

సందులో నిలువునా తడిసిన షుయ్‌మూ తాత, గొడుగు పిడితో ఆమె గోడను బాదుతున్నాడు. రెండో చేతిలో పదకొండు ఇళ్లూ, ఏ ఇంటి గోడ ఏ వేళకు కొట్టాలో రాసుకున్న జాబితా నానిపోతోంది.

"మొండిఘటం! మనిషి చెబితే ఎలాగూ లేవరు, దెయ్యం చెప్పినా లేవదేం?" అని సణుక్కుంటున్నాడు.

పేయ్‌రూ చప్పుడు కాకుండా తలుపు మూసింది. ఇంట్లో పని మొదలెట్టాక, ఇక చాలు లెమ్మని ఆమెతో అన్నవాళ్లు లేరు. నవ్వొచ్చింది. తెల్లారగట్ల లేచి తొమ్మిదికల్లా పని పంపి, ఉద్యోగం నిలబెట్టుకోవడం తర్వాతి మాట. ఇప్పటికైతే కంప్యూటర్ కట్టేసి, గోడవైపు తిరిగి అరిచింది:

"లేచానండీ అన్నగారూ! కుర్చీ మీదే!"

బయట బాదుడు ఆగింది. తర్వాత, జలుబు చేసిన గొంతును వీలైనంత భయంకరంగా మార్చి, గోడ అడిగింది:

"అన్నం తిన్నావా?"