సూది లేని కందిరీగ

చనిపోయిన రోజు పొద్దున మా అన్న లచ్చయ్య సీసా మూతికి గుడ్డ కట్టి, లోపల ఆముదపు ఆకు మీద గొంగళిపురుగు కదులుతోందో లేదో చూశాడు. చాయ చల్లారిందని వదినను కోప్పడ్డాడు. అంతే.

అన్న చొప్పదండి బడిలో సైన్సు చెప్పేవాడు. అంతకంటే శ్రద్ధగా చేసిన పని పెండ్లి సంబంధాలు చూడడం. మా పద్మశాలీలలో ఎవరి గోత్రమేమిటో నోటికి చెప్పేవాడు. గోత్రం కలిసిందని లగ్గం దాకా వచ్చిన సంబంధాలను చెడగొట్టి, పుణ్యం చేసినట్టు ఇంటికొచ్చేవాడు.

ఒక ఏడు ఆముదం చేనులో దొరికిన పురుగు ఒంట్లోంచి చిన్న చిన్న కందిరీగలు వచ్చాయి. కొన్నిటికి తోకకు సూది ఉంది, కొన్నిటికి లేదు. ఏ పుస్తకంలోనూ అలాంటివి కనబడలేదు. కొత్త జాతి అని తేలితే దానికి తన పేరు పెట్టించాలని అన్న ఆశ. పిల్లలు లేని మనిషి. పేరు నిలవడానికి ఇంకో దారి తోచలేదు.

ఇంతలో సీసాలోనే సూదిదీ సూది లేనిదీ జతకట్టాయి. అన్న మొహం తిప్పుకున్నాడు.

“తోడబుట్టినయి గట్ల చేస్తయానే? గివి రెండు వేరే వేరే జాతులు.”

“వేరే జాతులైతే మాత్రం చేస్తయా? జర మంచిగ చూడయ్యా. మొగుడు పెండ్లాలు గావచ్చు,” అంది బాలవ్వ వదిన.

“సంబంధాలు చూసేది నేనా, నువ్వా?”

జాతులు రెండయ్యాయి కనుక పేర్లూ రెండు కావాలి. సూదిది దర్జాగా ఉందని తనకు ఉంచుకుని, సూది లేనిదాన్ని వదినకిచ్చాడు.

“పురుగుకు నా పేరా? మా అవ్వగారింట్ల తెలిస్తే నిన్ను గడప తొక్కనియ్యరు!”

వదిన పేరువాటిని హైదరాబాదులో పురుగుల సంగతి తెలిసిన అధికారికి పంపాడు. తన పేరుదాన్ని ఎవరైనా కాజేస్తారని అగ్గిపెట్టెలో దాచాడు. ఆ తర్వాత ఎన్ని గొంగళిపురుగులను సీసాలో పెంచినా మళ్లీ అలాంటివి దొరకలేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే పాఠం ఆపి కిటికీ దగ్గరికి పోయేవాడు. జవాబు రాలేదు.

అన్న దినాలయ్యాక అగ్గిపెట్టె తెరిస్తే చీమలు రెక్క ముక్క మిగిల్చాయి. తర్వాత పని మీద హైదరాబాదు పోయి ఆ అధికారిని కలిశాను. అన్న పంపినవి ఆయన బల్ల మీదే ఉన్నాయి.

“కొత్త జాతేనని మా అనుమానమండీ. కానీ మీ అన్నగారు అన్నీ మగవే పంపారు. సూది ఉన్న ఆడది లేనిదే పేరు పెట్టలేం. వెనకాలే పంపుతారని చూస్తున్నాం.”