మూడో రింగు దాకా ఆగమన్నాను

రెండు వేల సంవత్సరంలో, సింగపూర్‌లో, ఒక అమ్మాయి చేత కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు వదిలేయించిన ఘనుణ్ణి నేను. అప్పట్లో ఆ సీటు దొరికితే బంధువులకు స్వీట్లు పంచేవాళ్లు. కంప్యూటర్ వాళ్లకు ఉద్యోగాలు కుదిర్చి పొట్టపోసుకునే నేనే, వాళ్లింటి సోఫాలో కూర్చొని, వాళ్లు పెట్టిన కాఫీ తాగుతూ, "వద్దు, పోనీయండి" అన్నాను. మా వృత్తిలో ఇంత ధైర్యం చేసినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

నా పనిని ఇంగ్లిష్‌లో రిక్రూటర్ అంటారు. కంపెనీకి మనిషిని, మనిషికి కంపెనీని చూపించి మధ్యలో కమిషన్ తీసుకోవడం. మా నాన్న మాత్రం ప్రొద్దుటూరులో ఎవరడిగినా "మావాడు సింగపూర్‌లో దళారీ" అని చెప్పేవాడు. ఆయనది బట్టల కొట్టు. బాబాయిది పక్క కొట్టు, మేనమామది ఎదురు కొట్టు. నాకు ఎక్కాలకంటే ముందు బేరం వచ్చింది. గిట్టక లేచిపోయే మనిషిని మెట్ల దగ్గర పిలవకూడదు. పిలిస్తే మన అవసరం బయటపడుతుంది. రెండు కొట్లు దాటనిచ్చి, మూడో కొట్టువాడు "రండి రండి" అనేలోపు పిలవాలి. అప్పుడు ధర నిలబడుతుంది.

జురాంగ్ ఈస్ట్‌లోని నా ఆఫీసులో ఆ విద్యనే వాడాను. హైదరాబాదు, మద్రాసుల నుంచి తెచ్చిన ప్రోగ్రామర్లను ఏదో ఒక కంపెనీ పిలిచేదాకా ఒక ఫ్లాట్‌లో ఉంచేవాణ్ణి. అలా పని లేకుండా కూర్చోవడాన్ని బెంచ్ అంటారు. బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ అద్దె, బియ్యం అన్నీ నావే. కాబట్టి వాళ్లకన్నా నాకే తొందర. అది ఎదుటివాడికి తెలియకూడదని మా కుర్రాళ్లకు కొన్ని నియమాలు పెట్టాను. ఫోను మొదటి రింగుకే ఎత్తకూడదు, మూడో రింగు దాకా ఆగాలి. కంపెనీ ఆఫర్ లెటర్‌లో గడువు తేదీ రాస్తే దాన్ని చూసి బెదరకూడదు. తేదీ దాటాక వాళ్లే ఫోన్ చేసి జీతం పెంచుతారు. ఆ ఏడాది నిజంగానే పెంచారు. అది కాలం గొప్పతనమని తెలియక, నా గొప్పతనమని లెక్కేసుకున్నాను.

బుకిట్ పంజాంగ్‌లో మా పై అంతస్తులో రమణ గారి కుటుంబం ఉండేది. కాకినాడ వైపువాళ్లు. ఆయన జురాంగ్ ఐలాండ్‌లోని ఒక కెమికల్ ప్లాంట్‌లో ఇంజినీరు. ఆయన భార్య పద్మ గారు పెట్టే గోంగూర పచ్చడి సీసా నెలకొకటి మా ఇంటికి దిగేది. ఒక ఆదివారం రమణ గారు కూతురు హిమజను వెంటబెట్టుకొని వచ్చారు.

"మీరు రోజూ ఇంటర్వ్యూలకే కదండీ తర్ఫీదిచ్చేది. మా అమ్మాయికి కూడా కాస్త ఇవ్వాలండి. మెడిసిన్‌కి అప్లై చేసింది."

"ఇంటర్వ్యూకు పిలిచినారా?"

"ఇంకా లేదండీ. పిలిస్తే అని."

"మార్కులెట్లున్నాయి?"

రమణ గారు ఫ్యాను వైపు చూశారు. అమ్మాయే చెప్పింది. "టూ ఏస్, టూ బీస్, అంకుల్. మెడిసిన్‌కి లో లా."

లా అనేది అక్కడివాళ్లు మాట చివర తగిలించే తోక, లో అంటే తక్కువని. మామూలు తక్కువ కూడా కాదు. అక్కడ కాలేజీ చదువు చివర రాసే 'ఏ లెవెల్' అనే పరీక్షల్లో మెడిసిన్‌కు వెళ్లేవాళ్లకు దాదాపు అన్నీ 'ఏ' గ్రేడులే ఉంటాయి. అప్పటికి దేశమంతటికీ వైద్య కళాశాల ఒక్కటే. అందులో ఆడపిల్లల సీట్లకు పరిమితి కూడా ఉండేది. మార్కులు చూసి ముందు కొందరిని ఏరి ఇంటర్వ్యూకు పిలుస్తారు. పిలుపే రాకపోతే ఎంత బాగా మాట్లాడగలిగినా ఇంట్లో గోడలకు చెప్పుకోవలసిందే. హిమజ ఎదురుచూస్తున్నది సీటు కోసం కూడా కాదు, ముందు ఆ పిలుపు కోసం.

మాక్ ఇంటర్వ్యూ అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. టై కట్టుకొని బల్లకు అవతల కూర్చున్నాను. "డాక్టరెందుకు కావాలనుకుంటున్నావు?" అని ఇంగ్లిష్‌లో అడిగాను.

"నేను సాటర్‌డేస్ నర్సింగ్ హోమ్‌కి వెళ్తాను అంకుల్, ముసలివాళ్లు ఉంటారే, అక్కడికి. ఒక చైనీస్ అమ్మమ్మ, స్ట్రోక్ వచ్చింది. స్పూన్ పట్టుకోవడానికి చాలా వీక్స్ పట్టింది. పట్టుకున్న రోజు సూపంతా నామీదే పోసింది. ఐ వాజ్ సో హ్యాపీ."

"సూపు సంగతి తీసెయ్యమ్మా."

"వై? అదే కదా రీజన్?"

"మీద సూపు పోయించుకున్నోళ్లకు సీటిస్తారా? లీడర్‌షిప్ అను. టీమ్ వర్క్ అను. బీల గురించి వాళ్లడిగేదాకా నోరెత్తొద్దు."

చెప్పినట్టే రాసుకుంది. కానీ లీడర్‌షిప్ అన్నప్పుడల్లా ఆ పిల్ల ముఖం, మా బెంచ్ కుర్రాడు రాని భాషను వచ్చని చెప్పేటప్పటి ముఖంలా ఉండేది.

తరవాత పని ఎదురుచూడటమే. ఆ పని నాకు కొత్త కాదు. ఫోన్ కోసం చూసే కుర్రాళ్లు ఫ్లాట్ నిండా ఉన్నారు నాకు. ఈ ఇంట్లో ఉన్నది మాత్రం ముగ్గురే అయినా నిశ్శబ్దం ఎక్కువ. హిమజ క్లాసులో అన్నీ ఏలు వచ్చినవాళ్లకు పిలుపులు రావడం మొదలైంది. వాళ్లు "నీకొచ్చిందా?" అని ఫోన్ చేసేవాళ్లు. పద్మ గారు లైను బిజీ అవుతుందని వాళ్లను తొందరగా పెట్టేయమనేవారు.

ఒక సాయంత్రం నేనక్కడ ఉండగానే ఫోను మోగింది. హిమజ చెయ్యి రిసీవర్ మీద ఉంది. నా వైపు చూసింది. వేలు పైకెత్తి ఆగమన్నాను. రెండో రింగు. ఇంకా వేలు దించలేదు. మూడో రింగు రాలేదు. ఫోన్ ఆగిపోయింది.

పద్మ గారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చారు. "ఏవైందండీ? ఎవరు? ఎందుకు ఎత్తలేదే?"

"అంకుల్ థర్డ్ రింగ్ అన్నారు."

"అంకుల్ గారికేం, అంటారు. ఆయనేమైనా మెడిసిన్‌కి పెట్టారా? ఆ ఫోను వాళ్లదే అయ్యుంటే?"

ఎదుటివాడికి నిజంగా అవసరముంటే మళ్లీ చేస్తాడని గొణిగాను. రాత్రి రమణ గారు ప్లాంట్ నుంచి వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు, నేనూ కిందికి దిగలేదు. ఆయన చెప్పులు విప్పుతూనే, "పిలుపేమైనా వచ్చిందేమోనని సాయంత్రం నేనే చేశానండీ. మళ్లీ నా ఫోన్ వల్ల లైను బిజీ అయిపోద్దేమోనని భయమేసి రెండు రింగులకే పెట్టేశాను" అన్నారు. పద్మ గారు ఆయన్నీ నన్నూ ఒకే చూపుతో చూశారు.

ఇంతలో ఇంకో యూనివర్సిటీ నుంచి కంప్యూటర్ ఇంజినీరింగ్ ఆఫర్ వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు ఫలానా తేదీలోగా తెలపాలి. వైద్య కళాశాల నుంచి చప్పుడు లేదు. గడువు ముందురోజు నన్ను పైకి పిలిచారు.

"సంతకం పెట్టించేద్దామండీ. చేతిలో ఒకటుంటుంది" అన్నారు రమణ గారు.

"పెట్టించినారంటే అయిపోయింది సామీ. అమ్ముడుపోయిందని కట్టి పక్కనబెట్టిన చీరను ఎవరైనా బేరమాడతారా? ఈ పిల్ల వేరే దాంట్లో చేరిపోయిందిలే అని వాళ్లు పేరు కొట్టేస్తారు."

"మరి గడువో?"

"గడువులు బెదిరించేదానికి రాస్తారు. నా దగ్గర ఇట్లాంటి కాగితాలు బీరువా నిండా ఉన్నాయి."

పద్మ గారు అడ్డుపడ్డారు. "ఇది చీర కాదండీ, పిల్ల చదువు. ఏమే, నువ్వేవంటావు?"

హిమజ వెంటనే అంది. "అంకుల్ చెప్పింది కరెక్ట్ అనిపిస్తుంది, మమ్మీ."

ఆ క్షణాన నేను పొంగిపోయాను. నిజానికి ఆ పిల్ల నా తెలివి చూసి నా మాట వినలేదు. ఆమెకు కంప్యూటర్లు వద్దు. వద్దనడానికి ఒక పెద్దమనిషి కావాలి, నేను దొరికాను. కొనేవాళ్ల కన్ను ముందే పడిన బట్టను తీసి చూపించి, నేనే అమ్మానని మురిసిపోయే గుమస్తా ప్రతి కొట్టులోనూ ఒకడుంటాడు.

గడువు దాటింది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా చూసి, గొంతు సవరించుకొని నేనే ఆ యూనివర్సిటీ ఆఫీసుకు చేశాను.

"క్లోజింగ్ డేట్ యెస్టర్‌డే, సర్" అంది ఫోనెత్తినావిడ.

"ఒక్క రోజే కదా మేడమ్. మంచి స్టూడెంట్."

"వన్ డే ఆల్సో లేట్, సర్."

"మీ మేనేజర్‌తో ఒక్క మాట..."

"మేనేజర్ ఆల్సో సేమ్ డేట్, సర్."

నా జీవితంలో అంత మర్యాదగా బేరం తెగిన సందర్భం మరొకటి లేదు. ఇంకొన్ని వారాలకు మెడిసిన్ ఇంటర్వ్యూలు ముగిశాయి. పిలుపు రాలేదు. రమణ గారు నన్ను ఒక్క మాట అనలేదు. లిఫ్టులో కలిస్తే వాతావరణం గురించి మాట్లాడేవారు. పచ్చడి సీసా దిగడం మానేసింది.

స్నేహితులు యూనివర్సిటీల్లో చేరిన నెలలో హిమజ అదే నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగానికి చేరింది. ఫిజియోథెరపిస్టుల కింద సహాయకురాలు. రోగుల చేతులు, కాళ్లు మళ్లీ పని చేసేలా వ్యాయామాలు చేయించడం వాళ్ల పని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయించడం ఈమె పని. "అమ్మాయి ఎక్కడ చదువుతోంది?" అని గుడిలో ఎవరైనా అడిగితే పద్మ గారు ప్రసాదం కోసమన్నట్టు పక్క వరసలోకి తప్పుకునేవారట. చాన్నాళ్ల తరవాత రమణ గారే చెప్పారు.

ఏడాది తిరిగేసరికి ఐటీ మార్కెట్ పడిపోయింది. బెంచ్ మీదివాళ్లు బెంచ్ మీదే ఉండిపోయారు. గడువు తేదీలు దాటితే కంపెనీలు ఆఫరే వెనక్కి తీసుకున్నాయి. మా కుర్రాళ్లు మొదటి రింగు పూర్తికాకముందే ఫోనెత్తుతుంటే నేనేమీ అనలేకపోయాను. చాలాసార్లు ఎత్తింది నేనే.

ఆ ఏడాదే హిమజ మళ్లీ మెడిసిన్‌కు అప్లై చేసింది. మార్కులు అవే. ఈసారి ఇంటర్వ్యూకు పిలిచారు. సంగతి నాకు ఇంటర్వ్యూ అయిపోయాక, బస్సు స్టాపులో కలిసినప్పుడు తెలిసింది.

"నాతో ఒక మాట చెప్పకూడదామ్మా? మాక్ చేసుందుము కదా."

"అందుకే చెప్పలేదు అంకుల్" అని నవ్వింది.

"ఏమడిగినారు?"

"మార్క్స్ సేమ్ కదా, మళ్లీ ఎందుకు వచ్చావ్ అన్నారు. సూప్ స్టోరీ చెప్పాను. అందరూ నవ్వారు. ఒక డాక్టర్ మాత్రం ఆవిడ స్పూన్ ఎలా పట్టుకుందని అడిగాడు. చూపించాను." అని అక్కడే, నలుగురు చూస్తుండగా, వంకరపోయిన వేళ్లతో లేని చెంచాను పట్టుకొని చూపించింది.

ఆ ఫలితం రాకముందే పాలిటెక్నిక్‌లో ఫిజియోథెరపీ డిప్లొమా సీటు వచ్చింది. డిగ్రీ కాదని రమణ గారు తటపటాయించారు. నాకూ పాత పురుగు కుట్టింది. "వాళ్ల ఫలితం వచ్చేదాకా ఆగితే..." అన్నాను.

"యాక్సెప్ట్ చేసేశాను అంకుల్. ఇది ఒప్పుకుంటే మెడిసిన్ వాళ్లు పేరు తీసేస్తారా అని వాళ్లకే ఫోన్ చేసి అడిగాను. నో ప్రాబ్లమ్ అన్నారు. జస్ట్ ఆస్క్ ఓన్లీ లా."

ఒక్క ఫోను. పోయిన ఏడాది ఆ ప్రశ్న మేమెవరమూ అడగలేదు. అడిగితే ఏమనేవారో నాకు తెలియదు. అసలు అడగాలనే తట్టలేదు. మా కొట్లో, మా వృత్తిలో, అడగడమంటే తగ్గడం. అవతల ఉన్నది బేరగాడు కాదని, తెలిసింది చెప్పడానికి జీతం తీసుకునే మనిషని నా బుర్రకు ఎక్కలేదు.

మెడిసిన్ సీటు రాలేదు. వెయిటింగ్ లిస్టులో కొన్నాళ్లు ఉంచి, కాదన్నారు. అప్పటికి ఆమె పాలిటెక్నిక్‌లో ఎముకల పేర్లు బట్టీపడుతోంది.

చాలా ఏళ్ల తరవాత నా కుడి భుజం బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. చొక్కా తొడుక్కోవడానికి మా ఆవిడ కావలసివచ్చింది. రమణ గారు కూతురి క్లినిక్‌కు పంపారు. హిమజ నా చేతిని గోడ మీద ఒక్కో వేలు పైకి పాకించమనేది. నేను మధ్యలో ఆపి, ఇవాళ్టికి ఇంత చాలని బేరం పెట్టేవాణ్ణి.

"ఇంకో వేలు ఎత్తండి అంకుల్. ఫోన్ దగ్గర ఎత్తారే, అలా."

మరిచిపోలేదన్నమాట. వారాల తరబడి చేయించింది. చెయ్యి తల మీదికి లేచింది. చివరి రోజు కౌంటర్ దగ్గర, అలవాటు కొద్దీ, "పైనా కిందా ఉన్నోళ్లం కదమ్మా, ఏమైనా తగ్గిస్తావా?" అన్నాను.

"ఫిక్స్‌డ్ ప్రైస్, అంకుల్. మమ్మీ మీకిమ్మంది" అంటూ బిల్లుతో పాటు ఒక సంచి ఇచ్చింది. లోపల గోంగూర సీసా.

బిల్లు చూస్తూ నా వంతు కూడా లెక్కేసుకున్నాను. నేను నేర్పిన ఇంటర్వ్యూ ఒకటి. అందులో పనికొచ్చే ఒకే ఒక్క మాటను కొట్టేయించింది నేనే. నా సలహా వల్ల పోయినవి ఒక సీటు, ఒక ఏడాది, ఒక తల్లి గుడిలో తల ఎత్తుకోగలిగిన రోజులు. ఆ ఏడాదే లేకుంటే ఈ పిల్లకు ఈ పని దొరికేదా అని, ఆ లాభాన్ని నా పేరున రాసుకోవాలని చాలాసార్లు చెయ్యి లాగింది. కుదరదు. ముసలివాళ్లను లేపి నిలబెట్టింది ఆమె, ఫోన్ చేసి అడిగింది ఆమె. నా పేరున లాభం కింద మిగిలింది తిరిగి పైకి లేచిన ఒక భుజం. దానికీ పూర్తి ధర కట్టాను. గోంగూర సీసాకు మాత్రం వాళ్లు బిల్లు వెయ్యలేదు.