పెద్దవల ఊళ్లో నా ఫుట్‌బాల్ ప్రాక్టికల్

1998 జనవరిలో, ఫుట్‌బాల్ శిక్షణ, నిర్వహణ డిప్లొమాలో చివరి భాగమైన క్షేత్రశిక్షణకు నన్ను వజ్రపుకొత్తూరు అవతల ఒక సముద్రపుటొడ్డు ఊరికి వేశారు. గడువు ఆరు వారాలు. బంతి తన్నడం తప్ప ఆట నియమాలేవీ తెలియని పిల్లలతో ఒక జట్టు తయారు చేయాలి. చివరి వారంలో బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఎగ్జామినరు ముందు నలభై నిమిషాల ఆట ఆడించాలి. రాత పరీక్షల్లో ఎన్ని మార్కులొచ్చినా ఈ ప్రాక్టికల్ తప్పితే డిప్లొమా రాదు.

అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. కోర్సులో నేనొక్కదాన్నే స్త్రీని, అందరికన్నా వయసులో పెద్దదాన్ని, ఒక్కరోజైనా బడికి వెళ్లనిదాన్ని. చిన్నప్పుడు నా గుండెలో ఏదో లోపం ఉందని ఒక డాక్టరు అనుమానపడడంతో, టెక్కలిలో మా అమ్మే ఇంటి దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు మొదలు ఆల్జీబ్రా దాకా చెప్పింది. పద్నాలుగో ఏట మరో డాక్టరు చూసి లోపమేమీ లేదన్నాడు. అప్పటికి బడిలో చేరే వయసు దాటిపోయింది. అర్హత పరీక్ష రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశాను. మా ఇంటి కిటికీలోంచి మిషన్ కాంపౌండులో కుర్రాళ్లు ఆడే ఆట చూస్తూ ఫుట్‌బాల్ నేర్చుకున్నాను. ఇదంతా దేవుని దయ అనే ఇప్పటికీ అనుకుంటాను.

కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో తాత్కాలిక డ్రిల్ టీచరుగా ఉండేదాన్ని. జూన్‌లోగా డిప్లొమా తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తాం, లేకపోతే వేరే మనిషిని తీసుకుంటామని యాజమాన్యం చెప్పేసింది. కాబట్టి ఆ ఆరు వారాల మీద నాకున్న ఆశ మామూలు ఆశ కాదు.

ఊళ్లో నాకు తుఫాను షెల్టరులో బస ఇచ్చారు. కింద స్తంభాలు, పైన పెద్ద హాలు. గాలివాన వస్తే ఊరంతా పట్టే ఆ హాలులో ఒక చాప, ఒక స్టవ్వు, బైబిలు, రికార్డు పుస్తకం, వలసంచిలో ఆరు బంతులతో నేనొక్కదాన్ని. పొద్దున్నే ప్రార్థన పైకి చదివేదాన్ని. మనిషి గొంతు వినపడాలని. అది గోడలకు తగిలి మళ్లీ నాకే వచ్చేది. ఊళ్లో మా క్రైస్తవ సంఘం వాళ్లు లేరు. ఆదివారం జీడితోటల్లోంచి గంట నడిస్తే ఒక చిన్న బాప్టిస్టు చర్చి ఉండేది. అక్కడివాళ్లు అన్నం పెట్టి పంపేవాళ్లు. వారంలో మిగతా ఆరు రోజులూ ఒంటరిగా తినేదాన్ని.

పనిచేయగల మగవాళ్లంతా గుజరాత్‌కు, చేపల బోట్ల మీద పనికి వెళ్లిపోయి ఉన్నారు. ఎండాకాలం ముదిరితేగానీ రారు. ఒడ్డున పెద్దవల లాగే పని ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడింది. నలుగురైదుగురు ముసలివాళ్లు పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో దింపి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీదున్నవాళ్లు గంటల తరబడి లాగాలి. నా జట్టులోని పదహారుమంది ఆడపిల్లలూ ఆ తాడు పట్టేవాళ్లే. నిర్వహణ పేపరు ప్రకారం ప్రతి క్రీడాకారిణికి తండ్రి సంతకంతో అంగీకారపత్రం ఉండాలి. తండ్రులు లేరు కాబట్టి తల్లుల వేలిముద్రలు తీసుకుని, కారణం పక్కన రాసి పంపాను. డిపార్ట్‌మెంటు ఒప్పుకుంది.

మొదటి సాయంత్రమే పిల్లల్ని కూర్చోబెట్టి నా సంగతి దాచకుండా చెప్పాను. ఈ పరీక్ష పోతే నాకు ఉద్యోగం ఉండదు, రోజూ నాలుగింటికి రావాలి అని. వాళ్లు వచ్చారు. ఆరు వారాల్లో వల రోజులు తప్ప ఒక్క పూట మానలేదు.

సరుగుడు తోట పక్కన గట్టి ఇసుక మైదానం. మొదటి రోజు ఏమీ చెప్పకుండా ఆడనిచ్చి చూడడం పద్ధతి. దానికి పుస్తకం ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు. నేను చూసింది నాకు బొత్తిగా నచ్చలేదు. బంతి ముందుకు వెళ్లగానే అందరికన్నా వెనకనున్న పిల్ల ఉన్నపళంగా బయలుదేరి అందర్నీ దాటుకుని ముందుకు ఉరికేది. మిగతావాళ్లు తలా ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్లు. కాసేపటికి, కొత్తగా వెనకబడిన పిల్ల పరిగెత్తేది. ఎవరి స్థానం ఏదో అంతుపట్టేది కాదు. రికార్డులో ‘లోపాలు’ అనే గడిలో మొదటి లోపంగా ‘స్థాన క్రమశిక్షణ లేదు’ అని రాశాను.

దిద్దడానికి ఐదు వారాలు పట్టింది. కొబ్బరి పీచు తాడుతో మైదానాన్ని అడ్డంగా మూడు పట్టీలుగా విభజించాను. గోల్‌కీపరు కాక వెనక నలుగురు, మధ్య నలుగురు, ముందు ఇద్దరు. తన పట్టీ దాటిన పిల్ల బయటికి వచ్చి కూర్చోవాలి. ఎక్కువగా బయట కూర్చున్నది పోలమ్మ. పదిహేడేళ్లది, పొడగరి, గాలికి ఎదురు పరిగెత్తినా రొప్పేది కాదు. దాన్ని వెనక వరసలో నడిమిన పెట్టాను.

“మేడంగారూ, నన్ను ఎనకే నిలబెట్టేసినారు. నానేటి తప్పు సేసినాను?” అని అడిగింది మూడో రోజు.

తప్పు కాదు, అది నమ్మకమైన చోటు అని చెప్పాను. వెళ్లి తన చోట నిలబడింది.

పోలమ్మ మేనత్త లచ్చమ్మ అప్పుడప్పుడు చేపల తట్ట పక్కన దించుకుని గట్టున కూర్చుని చూసేది. తాడు దగ్గర ఆవిడ మాటే చెల్లేది. “ఏటమ్మా, ఆడగుంటల్ని దిష్టిబొమ్మల్లాగ నిలబెట్టేసినారు? కాకులొస్తాయేటి?” అని ఒకసారి గట్టిగా అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆట తెలియని మనిషి మాట అనుకుని వదిలేశాను. ఐదో వారానికి పట్టీ దాటడం ఆగిపోయింది. అరుపులు, నవ్వులు కూడా తగ్గాయి. ఏకాగ్రత పెరిగిందని రికార్డులో రాసుకున్నాను.

పరీక్ష రోజు ఎగ్జామినరుగారు పలాసలో రైలు దిగి జీపులో వచ్చారు. కఠినుడని పేరున్న పెద్దమనిషి, మాట తక్కువ. ఎదుటి జట్టు టెక్కలి నుంచి వచ్చిన ఒక బడి బాలికలు, బూట్లున్నవాళ్లు. మావాళ్లవి వట్టి కాళ్లు. జట్టు పట్టిక, ప్రథమ చికిత్స పెట్టె, అంగీకారపత్రాలు అన్నీ చూసి ఆయన సరుగుడు చెట్ల నీడన కుర్చీ వేసుకున్నారు. ఆట నడుస్తున్నంతసేపూ శిక్షకురాలు ఆయన పక్కనే నిలబడాలి. ఏ సూచన ఎందుకు ఇచ్చిందో అడిగితే చెప్పాలి.

మొదటి సగంలో మా మీద ఒక గోలు పడింది. అయినా వరసలు చెదరలేదు. ఆయన కలం కదులుతూనే ఉంది. రెండో సగం మధ్యలో మా మధ్య వరస పిల్లలు బంతి గుంజుకున్నారు. ఎదుటి జట్టులో చాలామంది మా వైపే ఉండడంతో వాళ్ల సగంలో నడిమి భాగం ఖాళీగా ఉంది. రెండు అంచులా ఉన్న మా ముందు వరస ఇద్దరి వెంటా ఇద్దరిద్దరు కాపలా. అప్పుడు పోలమ్మ వెనక నుంచి నా వైపు చూసింది. ఒక కాలు ముందుకు వేసి ఆగింది. పరిగెత్తనా అని అడుగుతోంది. అది వెళితే అడ్డం పడేవాళ్లు లేరు. వెళితే వెనక వరస కూడా విరుగుతుంది, ఎగ్జామినరుగారు చూస్తున్నారు.

అరచెయ్యి చూపించాను. ఆగు అని.

ఆగింది. బంతి పోయింది. తరవాత ఇంకో గోలు పడింది. రెండు సున్నాతో ఓడిపోయాం. ఎగ్జామినరుగారు రికార్డు మీద సంతకం చేసి, ఇంత తక్కువ కాలంలో ఇంతటి స్థాన క్రమశిక్షణ తాను చూడలేదనీ, ఫలితంతో మార్కులకు సంబంధం లేదనీ, నేను పాసైనట్టే అనుకోవచ్చనీ చెప్పారు. మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను. పిల్లలకు చెబితే, “మంచిదండీ” అని చెమట తుడుచుకుని ఇళ్లకు పోయారు.

నిబంధన ప్రకారం ఇంకా రెండు రోజుల గడువుంది. మర్నాడు నాలుగింటికి బంతులు తీసుకుని మైదానానికి వెళ్లాను. ఎవరూ రాలేదు. నాలుగున్నర అయింది, ఐదయింది. ఆ ఆరు వారాల్లో ఎన్నో ఒంటరి పూటలు గడిపాను గానీ ఆ గంట వేరు. ఒడ్డు వైపు నుంచి వల లాగే కేకలు వినబడితే అటు నడిచాను. నా పిల్లలంతా తాడు మీదున్నారు.

“కాలీగా నిలబడ్డమెందుకు? రాండి, ఓ సెయ్యెయ్యండి” అంది లచ్చమ్మ.

అన్నాళ్లు ఆ ఊళ్లో ఉండి ఒక్కసారైనా తాడు ముట్టుకోలేదు. నీళ్ల అంచున పట్టుకున్నాను. అందరితో పాటు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఇసుక మెరక ఎక్కాను. నా వెనకవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి తాడు కొస చుట్ట చుట్టే ముసలాయన దగ్గరికి వచ్చినా వదలకుండా పట్టుకునే ఉన్నాను.

“ఓలమ్మా, ఇడిసిపెట్టండి! ఆకర్న నిలబడి ఏటి సేత్తారు? నీళ్లకాడికి పరిగెట్టండి!” అని అరిచింది లచ్చమ్మ.

వదిలి పరిగెత్తాను. అందర్నీ దాటుకుని మళ్లీ నీళ్ల అంచున, అందరికన్నా ముందు తాడు అందుకున్నాను. మూడోసారి పరిగెత్తేటప్పుడు నాకు తెలిసింది. వెనకబడినవాళ్లు ముందుకు పోవాలి, మిగతావాళ్లు జరిగి చోటివ్వాలి. మొదటి రోజు మైదానంలో పిల్లలు చేసింది ఇదే. ఎవరూ చెప్పకుండా, ఒకరితో ఒకరు ఢీకొనకుండా అందరూ కలిసి కదిలే ఆ పద్ధతి చిన్నప్పటి నుంచి వాళ్ల కాళ్లలో ఉంది. నేను దాన్ని లోపమని రాసి, ఐదు వారాలు కష్టపడి తీసేశాను.

వల ఒడ్డుకు చేరాక పోలమ్మను పక్కకు పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. రేపొక్క సాయంత్రం రండి, పట్టీలు లేకుండా మీకు తోచినట్టు ఆడండి, చూస్తాను అన్నాను.

“ఇంకెందుకు మేడంగారూ? మీ పరీక్ష అయిపోనాది కదా” అంది. కోపం లేదు. తడి చేతులు పరికిణీకి తుడుచుకుంటోంది.

మరి నిన్న ఎందుకు ఆగావు, ముందంతా ఖాళీగా కనిపించింది కదా అని అడిగాను.

“కనిపించింది. కాకపోతే మీ ఉజ్జోగం పోతాదేమోనని నిలబడినాను” అని, తట్ట ఎత్తుకుని వాళ్ల అత్త వెనకే వెళ్లిపోయింది.

మర్నాడూ ఎవరూ రాలేదు. సామాను సర్దుకుని పలాస బస్సెక్కాను. రికార్డు చివర ‘శిక్షకురాలి స్వీయ పరిశీలన’ అని ఒక పేజీ ఉంటుంది. అందరూ ‘సంతృప్తికరం’ అని ఒక్క ముక్క రాస్తారు. నేను జరిగిందంతా రాసి పంపాను. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఏప్రిల్‌లో డిప్లొమా వచ్చింది, జూన్‌లో ఉద్యోగం ఖాయమైంది. తరవాత ప్రభుత్వ సర్వీసులో చేరి రిటైరయ్యే వరకు తిన్న అన్నం ఆ డిప్లొమా పెట్టిందే. దాని కోసం పోలమ్మ ఏం వదులుకుందో నాకు తెలుసు. నా రోజువారీ ప్రార్థనలో ఆ పిల్ల పేరు ఉంటుంది.

ఆ సంఘటన నేర్పింది ఇది: కొత్త జట్టు చేతికి వచ్చినప్పుడు వాళ్లకు రానిదాని జాబితా కన్నా ముందు, వాళ్లు రోజూ చేసే పనేమిటో, ఆ పనిలో ఎలా కదులుతారో రాసుకోవాలి. పదిహేను నిమిషాలు చాలవు, కనీసం వారం కావాలి. అప్పటి నుంచి ఏ ఊళ్లోనూ మొదటి వారం ఈల ఊదలేదు, ఎవర్నీ దిద్దలేదు, పిల్లలు పనిచేసే చోటికి వెళ్లి నేనూ ఆ పని చేశాను. ఆ వారంలో తనిఖీకి వచ్చిన అధికారులకు నేను మైదానంలో కనబడక రెండుసార్లు మెమో అందుకున్నాను. రెండుసార్లూ సంజాయిషీ రాసి ఇచ్చి, పద్ధతి మాత్రం మార్చుకోలేదు.