వెనక్కి పోని గాలిమోటారు

ఆ రోజుల్లో చేతిలో జెండా ఉన్నవాడికి ఉండే గౌరవం ఇప్పుడు చేతిలో కారు తాళం ఉన్నవాడికి కూడా లేదు. బేతంచెర్ల స్టేషన్లో షంటింగు పనికి చేరేటప్పటికి నాకు ఇరవై ఏళ్లు. నాపరాళ్లు నింపిన వ్యాగన్లను ఇంజను ముందుకీ వెనక్కీ లాగుతుంటే, పట్టాల పక్కన నిలబడి నేను పచ్చజెండా ఆడించేవాణ్ని. మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే 'నా దగ్గర్నుంచి దూరంగా పో' అని అర్థం. అడ్డంగా, ఇటూ అటూ ఆడిస్తే 'నా వైపు రా' అని. అంత పెద్ద ఇంజను నా చెయ్యి చెప్పినట్టల్లా నడుస్తుంటే, ఇంట్లో పిల్లి కూడా వినని నా మాట ఇది వింటోంది కదా అని ఛాతీ ఉబ్బిపోయేది. (ఈ సంగతి గొప్పగా చెబితే మా నాయన, "దానికి చెవుల్లేవు కదరా, అందుకే వింటాండాది" అన్నాడు.)

కోడుమూరులో మాది మగ్గం ఇల్లు. యుద్ధం వచ్చి నూలు దొరక్కుండా పోయింది. మగ్గం ఆగింది. నా షంటింగు పని కూడా తాత్కాలికమే కాబట్టి, ఒక రోజు పిలిచి ఇక రావద్దన్నారు. సరిగ్గా అప్పుడే కడప దగ్గర విమానాలు దిగడానికి మైదానం చదును చేశారనీ, అక్కడ జెండా సైగలు తెలిసిన మనిషి కావాలనీ తెలిసింది. పరుగెత్తాను. "సైగలు వచ్చునా?" అని అడిగారు. "వచ్చు" అన్నాను. ఏ సైగలని వాళ్లు అడగలేదు, ఏ సైగలో నేను చెప్పలేదు. వారం రోజులు పని చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే పంపించేస్తాం అన్నారు. ఇంట్లో ఐదుగురి కడుపులు ఆ వారం మీద ఆధారపడ్డాయి.

మైదానం ఒక మూల కట్టెలతో కట్టిన ఎత్తయిన మంచె ఉండేది. దాని మీద టోపీదొర కూర్చునేవాడు. (ఎండైనా నీడైనా టోపీ తీసేవాడు కాదు కాబట్టి మేం పెట్టుకున్న పేరు.) మద్రాసులో చాలా ఏళ్లు ఉన్నాడట, తెలుగు విరిచి విరిచి మాట్లాడేవాడు. ఆయన చేతిలో ఒక ఎర్రదీపం, ఒక పచ్చదీపం. విమానంతో మాట్లాడే యంత్రం ఇంకా రాలేదు. పైన ఆయన దీపం, నేల మీద నా జెండా, అంతే సంభాషణ. దిగిన విమానాన్ని సున్నం కొట్టిన రాళ్ల మధ్య చదరంలో నిలబెట్టించడం నా పని.

ఆ చదరం అవతలే ఒక అవ్వ కొర్రచేను. ఆమె చేన్లో సగం మైదానంలో కలిసిపోయింది. మిగిలిన సగాన్ని పక్షుల నుంచీ పశువుల నుంచీ ఆమె ఒక్కతే ఒక దుడ్డుకర్రతో కాపాడుకునేది. మధ్యాహ్నం ఆమె గుడిసె నీడలోనే నేను సంగటి తినేవాణ్ని. ఆమె ఒక చెంబుడు మజ్జిగ పోసి, "మగ్గం నిల్చిపోతే మీయమ్మ ఏం తింటాండాదిరా నాయనా?" అని అడిగేది. నేను తల వంచుకుని తింటుంటే ఇంకో చెంబు పోసేది.

మూడు రోజులు విమానమే రాలేదు. నాలుగో రోజు పొద్దున వచ్చింది. చిన్నది, ఇద్దరు పట్టేది. ఆ పూట నా ఎర్రజెండా నా దగ్గర లేదు. అందులో సంగటి ముద్ద మూటగట్టి అవ్వ గుడిసె వాసానికి తగిలించి ఉంచాను. (పచ్చది రోజూ కావాలి, ఎర్రది ఎప్పుడో ఒకసారి కదా అనుకున్నాను. అంత తెలివి.) గాలిమోటారు దిగి, దుమ్ము లేపుకుంటూ నా వైపు వచ్చింది. నేలమీద అది తోక ఆనించి ముక్కు పైకెత్తుకుని నడుస్తుంది, కాబట్టి పైలటుకు ఎదురుగా ఏమీ కనబడదు. పక్కనుంచి తల బయటపెట్టి నా జెండానే చూస్తూ వస్తున్నాడు. చదరంలోకి వచ్చింది. ఆగాల్సిన గీత దాటి రెండు మూరలు ముందుకు వచ్చేసింది. దానిదేముంది, కాస్త వెనక్కి పంపిస్తే సరి అనుకుని, పచ్చజెండా మెల్లగా పైకీ కిందికీ ఆడించాను.

విమానం ముందుకు వచ్చింది.

వీడికి సరిగా కనబడలేదేమో అని ఇంకా పెద్దగా ఆడించాను. అది ఇంకా వేగంగా వచ్చింది. పైలటు నవ్వుతూ చెయ్యి ఊపాడు కూడా. అతనికి నా సైగ 'రా నాయనా రా' అన్నట్టు కనబడిందని నాకేం తెలుసు! నేను వెనక్కి అడుగులు వేస్తూ జెండా ఆడిస్తున్నాను, అది నా వెంట పడి వస్తోంది. మంచె మీద టోపీదొర ఎర్రదీపం పట్టుకుని గంతులు వేస్తున్నాడు. పైలటు వీపు అటువైపు. నాకు మాత్రం చక్కగా కనబడింది. సిగ్నలు ఎర్రగా ఉంది, ఇక డ్రైవరే ఆపుతాడులే అని నేను ధైర్యంగా నా పని నేను చేస్తూనే ఉన్నాను. కాళ్ల కింద మెత్తగా తగిలితే చూసుకున్నాను. కొర్రచేన్లో ఉన్నాను. విమానం ముందు చక్రాలు కూడా గట్టు దాటి కొర్రలో ఉన్నాయి. వెనక్కి తిరిగి పరిగెత్తబోయి, కొర్ర మొక్కలు కాళ్లకు తగులుకుని బోర్లా పడ్డాను.

"హోయ్! హోయ్! హోయ్!"

అవ్వ పైలటు తల బయటపెట్టిన వైపే అడ్డంగా వచ్చి, చేనిలో పడ్డ ఎనుమును అదిలించినట్టు, కర్ర సహా రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. విమానం ఆగింది. ముక్కు మీది రెక్క తిరగడం మానింది. నాకూ ఆ రెక్కకూ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. ఆ దూరాన్ని తర్వాత ఎన్నోసార్లు కలలో కొలుచుకున్నాను.

"యాడికి తోల్తాండావప్పా దీన్ని, నా కొర్రల్లోకి?" అంది అవ్వ పైలటుతో. అతను దిగి, ముందు ఆమెకు సెల్యూట్ కొట్టాడు.

టోపీదొర వగర్చుకుంటూ వచ్చాడు. "ఎందుకు పిలిచావు?" అని అరిచాడు.

"పిలవలేదు దొరా," అన్నాను లేచి దుమ్ము దులుపుకుంటూ. "వెనక్కి పొమ్మన్నాను."

"వెనక్కి?" ఆయన విమానాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇది వెనక్కి పోదు!"

ఆ మాట పైలటుకు వాళ్ల భాషలో చెప్పాడు. అతను చక్రం పక్కన కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. అవ్వ మాత్రం నవ్వలేదు. "వెనక్కి పోలేని దాన్ని ఇంత దూరం ఎట్ల తెచ్చుకున్యారప్పా?" అంది.

పైలటు నవ్వు చల్లారాక టోపీదొర నా చేతిలోంచి జెండా లాక్కున్నాడు. "నువ్వు పో. పని లేదు" అన్నాడు. నాకు మగ్గం కనబడింది, అమ్మ కనబడింది. దొర అవ్వ వైపు తిరిగి, పాడైన పంటకు నష్టం ఇప్పిస్తానని చెప్పాడు.

అవ్వ తొక్కుడుపడ్డ కొర్రను ఒకసారి చూసుకుంది. "నాకు నష్టమొద్దు సామీ," అంది. "ఆ పిల్లోన్ని ఉండనియ్యండి. కొర్ర మల్లా ఏసుకుంటా. వాళ్లింట్లో మగ్గం నిల్చిపోయుండాది. వానికి రాకపోతే నేర్పీయండి, నేర్చుకుంటాడు. శానా ఆకలిమీదుండే పిల్లోడు."

దొర చాలాసేపు టోపీ సర్దుకున్నాడు. చివరికి జెండా నా చేతికిచ్చి, పైలటుతో ఏదో చెప్పాడు. ఆ సాయంత్రం పైలటు నాకు సైగలు నేర్పాడు. ఆపడానికి రెండు చేతులూ పైకెత్తాలి అని చూపించి, అచ్చం అవ్వలాగే "హోయ్" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన పైలట్లందరూ దిగేటప్పుడు చేను వైపు చూసి రెండు చేతులూ ఎత్తేవాళ్లు. అవ్వ కర్ర ఎత్తేది. నేను యుద్ధం అయ్యేదాకా అక్కడే పని చేశాను, మా ఇంట్లో పొయ్యి ఆరలేదు.

నూలు మళ్లీ దొరికాక మా నాయన మగ్గం మీద మొదట నేసిన చీర ఆమెకే. తెల్లటి నూలు చీర, జానెడు ఎర్రటి అంచు. తీసుకుపోయి కాళ్ల దగ్గర పెట్టాను. ఆ కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక ఏడ్చాను కూడా. ఆమె చీర విప్పి, ఎర్రంచును వేళ్లతో తడిమి, నా మొహంలోకి చూసింది.

"ఈ ఎర్రది ఆ పొద్దే తెచ్చుకొనింటే సరిపోయేది కదరా నాయనా," అంది.

ఇప్పుడు నా చేతిలో జెండా లేదు, ఊతకర్ర ఉంది. అదృష్టం ఎవరి రూపంలో అడ్డం వస్తుందో తెలియని ఆ ఇరవై ఏళ్ల పిల్లవాడు గుర్తొస్తే, వీధిలో ఎవరూ చూడనప్పుడు, ఆ కర్రతో సహా రెండు చేతులూ పైకెత్తుతాను.