పథ్యపు పరిగెలు

దుర్గి పక్క ఆ పల్లెలో ఎవరింట బిడ్డ పుట్టినా మంత్రసాని తరవాత గడప తొక్కేది సారమ్మే. తడిగుడ్డలో పరిగెలు మూటగట్టుకొని వచ్చేది. వేలెడంత ఉండే ఆ చేపల పులుసు తింటే బాలింతకు పాలు పడతాయని ఊరి నమ్మకం. వేసవిలో వాగు ఎండి గుంటలు మిగిలినప్పుడు, ఏ గుంటలో పరిగెలు చేరతాయో ఆమెకే తెలుసు. కాపుల ఇళ్ళలో కూడా అరుగు మీద కూర్చోబెట్టి చల్ల పోసేవారు. మొగుడు పోయిన మనిషికి ఆ మర్యాదే ఆస్తి.

సాగర్ కాలవకు నీళ్ళొదిలిన రెండో ఏడు ఆ ఆస్తికి చీడ పట్టింది. కాలవలో మిగిలిన నీళ్ళు వాగులో పడి, వాగు ఎండడమే మానేసింది. కృష్ణలో ఉండే చేపలు కాలవ వెంట దిగొచ్చాయి. బొచ్చెలు, రాగండ్లు, మీసాల వాలుగలు. పక్కింటి యోహాను వల కొన్నాడు. అతని భార్య హన్నమ్మ గంపతో వస్తుంటే జనం ఎదురెళ్ళేవారు.

సారమ్మకు అన్నం సయించలేదు. హన్నమ్మ నవ్వితే నిప్పు, పలకరిస్తే ముల్లు. ఆదివారం ఆరాధనలో అయ్యగారు పొరుగువాని దేనినీ ఆశించకూడదని చదివినప్పుడు తల దించుకుంది. అయినా బయటికొచ్చాక, యోహాను వల పిల్లచేపల్ని కూడా ఊడ్చేస్తోందని నలుగురిలో అనేసింది. ఆ మాట హన్నమ్మ చెవినా పడింది.

ఆ ఎండాకాలమే హన్నమ్మ కూతురు ఎలిజబెత్ పుట్టింట్లో ప్రసవించింది. మూడో రోజుకీ పాలు పడలేదు. హన్నమ్మ తట్టలో ఒక వాలుగ పెట్టుకొని వచ్చింది.

"సారక్కా, పిల్లకు కాసిని పరిగెలు చూడవా. మాకు ఒక్కటీ దొరకటంలా."

"ఎట్టా దొరుకుతయ్యే? ఊడ్చి అమ్ముకుంటిరిగా. ఇంక యాడున్నయ్?"

అది అబద్ధం. వాగుకు పైన, బండల నడుమ ఊటగుంటలో కాసిని మిగిలాయి. కాలవ నీళ్ళు అంత ఎత్తుకు ఎక్కవు.

"సర్లే అక్కా. ఇది నీకే తెచ్చా, వండుకో" అని హన్నమ్మ తట్ట దింపి వెళ్ళిపోయింది.

సారమ్మ కత్తిపీట వేసుకొని వాలుగ పొట్ట చీల్చింది. లోపల పరిగెలు. పదకొండు. కొన్ని కరిగిపోయాయి, కొన్ని ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. వాగులో పరిగెల్ని మింగేస్తున్నది ఈ వాలుగలే. యోహాను వల కన్నుల్లో మూడు వేళ్ళు దూరతాయి, పరిగె అందులో నిలవదు. ఆ సంగతి ఆరాధన రోజునా ఆమెకు తెలుసు.

పొద్దు వాలకముందే చేపలు పట్టే ఊతబుట్టతో బండలెక్కింది. కడుపుతో ఉన్నవాటిని నీళ్ళలోకి వదిలేసి దోసెడు మాత్రం తెచ్చింది.

హన్నమ్మ గుడ్డమూట రెండు చేతులా అందుకుంది. "యాడ దొరికినయ్ అక్కా?"

"అది మాత్రం చెప్పను. కావాలంటే అడుగు, నేనే తెస్తా." మళ్ళీ తనే, "మీ వల సంగతి నేనన్నది తప్పు. రేపు ఆదివారం ఆ నలుగురిలోనే చెప్తాలే" అంది.

హన్నమ్మ పీట వేసి చల్ల పోసింది. దండెం మీద యోహాను వల ఆరుతోంది, దాని నిండా బొచ్చె పొలుసులు మెరుస్తున్నాయి. సారమ్మ గుండెలో మళ్ళీ ముల్లు కదిలింది. ప్రభువా అనుకొని, చల్ల చివరి చుక్కదాకా తాగింది.