మూడు వేళ్ళ కూగర్ వయసు

ఆర్లిస్ హాల్వర్సన్ ముప్పై ఒక్క సంవత్సరాలు కలప మిల్లులో రంపాలకు పదును పెట్టాడు. మిల్లు మూసేసిన రోజున యజమానులు అతనికి ఒక గోడ గడియారం ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే అది ఆగిపోయింది. అతను దాన్ని బాగుచేయించనూ లేదు, తీసి పారెయ్యనూ లేదు. ఇంటికొచ్చినవాళ్ళు టైము చూడబోతే, "అది మిల్లు టైము" అనేవాడు.

ఆ తరవాత అమెరికాలో, మోంటానా కొండల మధ్యనున్న ఆ లోయలో ఎవరూ అతన్ని దేనికీ పిలవలేదు. చలికాలమంతా అతనికి రెండే పనులు. పెర్ల్ అనే ముసలి వేటకుక్కను వెంటబెట్టుకుని మంచులో కూగర్ల, అంటే ఆ కొండల్లో తిరిగే పులిలాంటి పెద్దపిల్లుల, అడుగులు వెతకడం, మధ్యాహ్నం కాఫీ హోటల్లో కూర్చుని వాటి గురించి చెప్పడం. వినేవాళ్ళు తక్కువ, నవ్వేవాళ్ళు ఎక్కువ.

అతను ఎక్కువగా చెప్పేది ఒక మగ కూగర్ గురించి. దాని ఎడమ వెనక పాదం ముద్రలో నాలుగు వేళ్ళుండాల్సిన చోట మూడే ఉంటాయి. తొమ్మిది చలికాలాల కిందట తల్లి అడుగుల పక్కన పిల్ల అడుగుగా దాన్ని మొదట చూశాననీ, అప్పట్నించి ఏటా కనబడుతూనే ఉందనీ ఆర్లిస్ అనేవాడు.

"తొమ్మిదేళ్ళే!" అనేవాడు లైల్ పికెట్. లైల్‌కి నాలుగు కుక్కలు, అవెక్కడున్నాయో చెప్పే మెడపట్టీలు, కొత్త ట్రక్కు ఉన్నాయి. కాబట్టి హోటల్లో అతని మాటకు బరువెక్కువ. "ఒరే ఆర్లిస్, ఈ కొండల్లో వేలు తెగిన పిల్లులు పదుంటాయి. నువ్వు అన్నిటినీ కలిపి ఒకటే అనుకుంటున్నావు."

"అది ఒకటే. దాని నడక నాకు తెలుసు."

"అంత తెలిస్తే పెళ్ళి చేసుకో. మీ ఆవిడ మార్వా కూడా సంతోషిస్తుంది."

ఈ ఫిబ్రవరిలో ఆ అడుగుల మధ్య దూరం తగ్గింది. కుడి ముందుకాలు ఈడుస్తోంది. ఇంకో చలికాలం వస్తే అది ఆకలితో చావాలి, లేదా లైల్ కుక్కలకు దొరకాలి. రెండూ ఆర్లిస్‌కి మింగుడు పడలేదు. పెర్ల్ తరిమి తరిమి దాన్ని ఒక ఫర్ చెట్టు ఎక్కించింది. ఆర్లిస్ కాల్చింది ఒకే గుండు. కింద పడ్డాక ఆర్లిస్ మంచులో దాని పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఒక పని మర్చిపోయాడు.

వేటాడిన పన్నెండు గంటల్లోగా వన్యప్రాణి శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి. అతను ఇంటికి రాగానే చేశాడు. ఏ వాగు దగ్గర అని అడిగితే, తమ చోటు బయటపడకుండా వేటగాళ్ళందరూ వేరే వాగు పేరు చెప్తారు. ఆ లోయలో అది అబద్ధం కిందికి రాదు. ఆర్లిస్ మాత్రం వాగు పేరే కాదు, ఏ మలుపో కూడా చెప్పాడు. పది రోజుల్లోగా చర్మాన్నీ తలనూ ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించాలి. అక్కడ ఒక చిన్న పన్ను పీకి ల్యాబ్‌కి పంపుతారు. దాన్ని కోసి, చెట్టు మొద్దులో లెక్కపెట్టినట్టు వలయాలు లెక్కపెట్టి వయసు తేలుస్తారు. ఆర్లిస్‌కి కావలసింది అదే. పన్ను తొమ్మిది అనాలి. ఆరంటే, ఏడంటే, ఇన్నేళ్ళూ అతను చూసిందంతా ఒట్టి ముసలాడి కబుర్లే.

ఇంకా గడువుంది కదా అనుకునేలోగా మంచు పడి కనుమ దారి నాలుగు రోజులు మూసుకుపోయింది. పదో రోజు పొద్దున తెరిచారు. షెడ్డులోంచి మూట తెచ్చి విప్పితే చర్మం పలకలా ఉంది, తల బండరాయిలా ఉంది. గడ్డకట్టక ముందే దవడల మధ్య పుల్ల పెట్టాలి. పెట్టకపోతే నోరు తెరుచుకోదు, పన్ను రాదు. ఊళ్ళో ప్రతి కుర్రవాడికీ ఆ మాట చెప్పింది ఆర్లిసే.

"మార్వా, బాత్‌టబ్ కావాలి."

"స్నానం నిన్న చేశావుగా?"

"నాకు కాదు."

భార్య తల ఎత్తి అతని చేతుల్లో ఉన్నది చూసింది. ఆ సాయంత్రం చర్చిలో సూపు విందు. పొయ్యి పక్కన ఆమె కలిపిన ఏలకుల రొట్టె పిండి పొంగుతోంది.

"పుల్ల పెట్టలేదా? నువ్వు?"

"పెట్టలేదు."

"మరుగునీళ్ళు పొయ్యనా?"

"వద్దు! ఒక్కసారిగా వేడి తగిలితే పన్ను చిట్లుతుంది. గోరువెచ్చగా ఉండాలి. నెమ్మదిగా."

చర్మాన్ని పొయ్యి ముందు పరిచారు. పిండి గిన్నె కిటికీ దగ్గరికి జరిగింది, మార్వా గొణుగుడుతో సహా. పెర్ల్ చర్మం పక్కన పడుకుని, ఎవరు దగ్గరికొచ్చినా గుర్రుమంది. అరగంటకోసారి ఆర్లిస్ టబ్‌లో నీళ్ళు మార్చాడు, రంపం పళ్ళు తడిమిన వేళ్ళతో దవడ కీలు తడిమి చూశాడు. మూడయింది. కదల్లేదు. ఆఫీసు అయిదింటికి మూస్తారు. దూరం నలభై మైళ్ళు.

"ఇంక బయల్దేరాలి," అన్నాడు.

మార్వా చెయ్యి తుడుచుకుని కోటు తొడుక్కుంది. "తల నా ఒళ్ళో పెట్టు. హీటరు మొత్తం తిప్పు."

"మరి సూపు విందు?"

"వాళ్ళు నలభై ఏళ్ళుగా నా రొట్టె తింటున్నారు. ఒక రోజు కొన్నది తింటే చావరు."

ట్రక్కులో ఉక్కపోసింది, తడి బొచ్చు వాసన కొట్టింది. కనుమ దాటాక మార్వా చెక్క గరిటె కాడను పళ్ళ సందులో దూర్చి, చిన్నగా తిప్పుతూ కూర్చుంది. ఇరవయ్యో మైలు దగ్గర ఏదో టక్కుమంది.

"విరిగిందా?" అని ఆర్లిస్ అరిచాడు.

"గరిటె," అంది మార్వా. "నోరు తెరుచుకుంది. నువ్వు రోడ్డు చూడు."

నాలుగూ యాభైకి చేరారు. డానికా అనే యువ అధికారి తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కమాట విసుక్కోకుండా మళ్ళీ దీపాలు వేసింది. చర్మం తిరగేసి మగదని రాసుకుంది, ముద్ర పట్టీ కట్టింది. కోరపన్ను వెనకున్న చిన్న పన్నును జాగ్రత్తగా పీకి కవర్లో వేసింది. చిగుళ్ళు చూసి, "ఆరో ఏడో ఉంటాయి," అంది.

"తొమ్మిది."

"అంత ఖచ్చితంగా ఎలా చెప్తున్నారు, హాల్వర్సన్ గారూ?"

అతను చెప్పాడు. ఏ ఏడు ఏ వాగు, ఏ గట్టు, ఏ ఏడు అది తను చంపిన దుప్పిని ఎక్కడ పూడ్చిపెట్టింది. డానికా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫారం కింద ఖాళీలో రాసింది, తిప్పి వెనక కూడా రాసింది. అయిదు దాటి నలభై నిమిషాలయింది. మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాల్లో అతని మాటను ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

ఆగస్టు చివర్లో ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆర్లిస్ దాన్ని హోటల్‌కి తీసుకెళ్ళి, లైల్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. లైల్ చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"తొమ్మిది," అన్నాడు చివరికి. బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. లైల్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "సరేగానీ ఆర్లిస్... ఉత్తర దిక్కు గట్టున ఇంకో పెద్దదాని అడుగులు చూశానన్నావు కదా, అది సరిగ్గా ఎక్కడ?"

ఇన్నేళ్ళకి బల్లంతా అతని నోటివైపే చూస్తోంది. ఆర్లిస్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఆపిల్ కేకు ముక్క ఒకటి తెమ్మని చెప్పాడు.

"నేను ఆ సంగతులు ఆఫీసులోనే చెప్తాను," అన్నాడు.