చిన్నత్త సీరియల్, మా రిపీటర్

పోయిన వారం మా అక్కతో ఫోనులో మాట్లాడుతుంటే ఆమె గొంతు తెగి తెగి వచ్చింది. ఫిర్యాదు చేద్దామని కంపెనీకి ఫోను చేస్తే, మర్యాద తెలిసిన యంత్రమొకటి నా ఇబ్బందికి విచారం వెలిబుచ్చి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. నాకు కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది, ఎందుకంటే ఒక మోత ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడానికి నేనూ మా మరిదీ మండుటెండలో వరంగల్ గల్లీలన్నీ స్కూటరు మీద తిరిగిన రోజులు జ్ఞాపకం వచ్చాయి.

సొంత సెట్లతో ఊరూరివాళ్ళతో సరదాగా గాలిలో మాట్లాడుకునే హ్యామ్ రేడియో పిచ్చిని మా ఇంటికి తెచ్చింది మా ఆయన. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేస్తూనే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆయన్ని చూసి మరిది, మరిదిని చూసి నేను. ఊళ్ళో మాలాంటివాళ్ళం కొందరం కలిసి ఒక ఎత్తయిన మేడ మీద రిపీటర్ పెట్టుకున్నాం. చేతిలో ఇమిడే చిన్న సెట్టులో మనం మాట్లాడిన మాటను అది అందుకొని, బలంగా తిరిగి పంపి, నెక్కొండ దాకా వినిపించేది. ఆ ఏడు జాతరలో తప్పిపోయిన పిల్లలను వెతకడానికి మా సెట్లు పనికొస్తాయేమో ఒక మధ్యాహ్నం పరీక్షించి చూస్తామని అధికారులు కబురు పంపితే, మా కాళ్ళు నేల మీద నిలవలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చిపడింది ఆ గురక. మధ్యాహ్నం భోజనాలు కాగానే రిపీటర్ నిండా గుర్రుమని ఒకటే మోత, అందులో మా మాటలన్నీ మునిగిపోయేవి, కాసేపటికి దానంతటదే ఆగేది. ఆదివారం మాత్రం వినిపించేది కాదు కనుక ఇది ఏదో కార్ఖానా మోటారేనని మరిది తేల్చేశాడు. కొలతల ఉక్కు టేపును ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ పైపుకు అడ్డంగా బిగించి, ఏ దిక్కుకు తిప్పితే మోత పెరుగుతుందో చెప్పే ఏరియల్ ఒకటి తయారుచేశాడు. అతను బండి నడుపుతుంటే నేను వెనక కూర్చొని, చేపముల్లులాంటి ఆ వస్తువును ఎత్తి పట్టుకొని, కొంగు జారకుండా చూసుకుంటూ దారి చెప్పేదాన్ని.

మట్టెవాడలో ఒక కిరాణా దుకాణం ఆయన మా బండికి అడ్డం వచ్చాడు. "అమ్మా, నీళ్ళ పాయింట్ చూస్తాండ్రా? మా బోరు ఎండిపోయింది, జర మా పెరడు గూడ చూసి పోరాదుండ్రి" అని బతిమాలాడు. కాదని ఎంత చెప్పినా వినకపోయేసరికి మరిది విసుగెత్తి ఒక మూల చూపించి బయటపడ్డాడు. అక్కడే నీళ్ళు పడ్డాయని తర్వాత ఆయన మాకు లడ్డూలు పంపించాడు. రేడియో వల్ల మాకెన్నడూ అంత పేరు రాలేదు.

ఆ దుకాణం దాటి రెండు గల్లీలు తిరిగేసరికి చేతిలోని సెట్టు చెవులు చిల్లులు పడేలా మోగింది. తలెత్తి చూస్తే మా అత్తగారి చెల్లెలు, చిన్నత్త ఇల్లు! ఆమె టీవీ ఏరియల్ స్తంభానికి, బొమ్మ స్పష్టంగా రావడానికి బిగించిన బూస్టరు డబ్బా చెడిపోయి, టీవీ పెట్టినంతసేపూ ఊరి మీదికి గురక వదులుతోంది. ఆమె టీవీ పెట్టేది మధ్యాహ్నం సీరియల్ కోసమే. ఆదివారం సీరియల్ ఉండదు, అందుకే గురకా ఉండేది కాదు.

అధికారులు పెట్టిన పరీక్ష మర్నాడే. కొత్త బూస్టరు దొరకలేదు. ఒక్క పూట టీవీ ఆపమంటే చిన్నత్త మరిదిని ఎగాదిగా చూసి, "సీరియల్ల రేపే ఆ పిల్లకు కోర్టుల తీర్పొస్తది కొడుకా. నీ రేడియో ఎల్లుండి గూడ ఉంటది" అంది. జాతరలో ఏడ్చే పిల్లల సంగతి చెప్పి బతిమాలితే కొంత మెత్తబడింది. "సరే, ఆ డబ్బా పీకు. గని బొమ్మ మాత్రం రావాలె."

అలా మా బృందానికంతటికీ పెద్ద అయిన మరిది, రేడియోలో ఒక్క అనవసరపు మాట కూడా దొర్లకూడదని మాకు నేర్పినవాడు, ఆ మధ్యాహ్నం మేడ మీద స్తంభాన్ని కౌగిలించుకొని ఏరియల్ తిప్పుతూ నిలబడ్డాడు. కింద టీవీ ముందు నేను సెట్టు పట్టుకొని, రిపీటర్ మీద పరీక్ష మాటలకు జవాబిస్తూ, మధ్యలో కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి పైనున్న అతనికి సైగలు చేస్తున్నాను. తీర్పు వచ్చే ఘడియకు బొమ్మ చెదిరింది. మాట్లాడటానికి నేను నొక్కి పట్టుకున్న సెట్టు మీదికి వంగి, మరిదికి వినిపించాలని చిన్నత్త ఒక్క కేక పెట్టింది: "ఇంకొంచెం కుడికి కొడుకా! జడ్జి మొఖం కనబడ్తాంది గని ఆ పిల్ల వొస్తలేదు!"

ఆ కేక ఊరంతా విన్నది. అవతలి కొసన పరీక్ష జరుపుతున్న అధికారి పక్కన నిలబడ్డ మా ఆయనకు ముచ్చెమటలు పోశాయట. నేను సెట్టు మీంచి వేలు తీసేసరికి, అవతల అధికారే సెట్టు అందుకొన్నాడు. "మాట మస్తు సాఫ్ వస్తాందమ్మా. ఇంతకూ తీర్పేమొచ్చింది?"

"వాయిదా పడ్డది బిడ్డా!" అంది చిన్నత్త, గుండెలు పగిలిన గొంతుతో.

మాకు అనుమతి వచ్చింది. ఆ జాతరలో మా సెట్ల వల్ల తల్లుల చేతికి చేరిన పిల్లలకు ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి. చిన్నత్త పోయి చాలా ఏళ్ళయింది. మా వాళ్ళంతా సెట్లు మూలకు పెట్టి ఫోన్ గ్రూపుల్లో పొద్దున్నే పూల బొమ్మలు పంపుకుంటున్నారు. రిపీటర్ మాత్రం ఇంకా ఉంది, గురకలూ మోతలూ ఏమీ లేకుండా. అప్పుడప్పుడూ మధ్యాహ్నం పూట సెట్టు నొక్కి, లైసెన్సుతో నాకిచ్చిన గుర్తు అక్షరాలు చెప్పి వదులుతాను. రిపీటర్ ఒక్క క్షణం ఊపిరి పీల్చినట్టు సుయ్యిమని, టిక్కుమని ఆగిపోతుంది. ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు సెట్టును చేతిలో పట్టుకొనే కూర్చుంటాను.